భుజాలు దించాక

ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో సీ లైన్ మెట్రో కొండెక్కుతుంది. మామూలు పట్టాల మధ్య పళ్ళున్న పట్టా ఇంకొకటి వేశారు, రైలు దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. క్రువా-రూస్ స్టేషన్‌లో దిగి బయటికొచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. మే నెల కాబట్టి ఎండ ఇంకా గట్టిగానే ఉంది. ఈ కొండంతా ఒకప్పుడు పట్టు నేతగాళ్ళది. జకార్డ్ మగ్గం నిలబెట్టాలంటే కప్పు నాలుగు మీటర్ల ఎత్తయినా ఉండాలి, ఇళ్ళు అలాగే కట్టుకున్నారు. మగ్గాలు పోయాయి, ఎత్తు మిగిలింది. అలాంటి ఒక పాత ఇంటి రెండో అంతస్తులో, దూలాలు పైకే కనిపిస్తున్న గదిలోకి అడుగు పెడుతున్నారు మీరు.

చాపల్లేవు. అగరొత్తుల వాసన లేదు. కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి, వచ్చినవాళ్ళు బూట్లయినా విప్పకుండా వాటిలో కూర్చున్నారు. రాత్రి డ్యూటీలు చేసే నర్సు ఒకామె. ఏడో నెల గర్భిణి ఇంకొకామె. నిద్ర పట్టని రిటైర్డ్ ట్రామ్ డ్రైవరు. కిటికీ పక్కన, పద్దెనిమిది నిండని కుర్రాడు మోకాలు ఆగకుండా ఆడిస్తున్నాడు. జూన్‌లో అతనికి స్కూలు ముగించే బకలోరియా పరీక్షల్లో చివరి గండం ఉంది: 'గ్రాన్ ఒరాల్' అనే మౌఖిక పరీక్ష. పది నిమిషాలు తను మాట్లాడాలి, ఇంకో పది నిమిషాలు పరీక్షకులు అడిగినదానికి జవాబు చెప్పాలి. చదివింది గుర్తుంటుందట, నోరే పెగలదట.

"ఈ సాయంత్రం ఎలా వచ్చారు?" అని ఒక్కొక్కరినీ అడుగుతుంది సోఫ్రాలజీ అనే విశ్రాంతి పద్ధతి నేర్పే ఆవిడ. నడిచా, మెట్రోలోనా అని కాదు. మెడ పట్టేసిందంటుంది నర్సు. కోపంగా ఉన్నాను, ఎవరి మీదో తెలీదంటాడు డ్రైవరు. మీ వంతు వస్తే "బాగానే ఉన్నాను" అంటారు. మొదటిసారి వచ్చినవాళ్ళు చాలామంది అదే అంటారు, ఆవిడ తలూపి ముందుకి పోతుంది.

అందరూ లేచి నిలబడతారు.

"పాదాలు కొంచెం ఎడంగా పెట్టుకోండి. మోకాళ్ళు బిగించకండి. కళ్ళు మూసుకోవాలనిపిస్తే మూసుకోండి." ఆవిడ గొంతు తగ్గింది. పొద్దున్నే ఆకాశవాణిలో బజారు ధరలు చదివే గొంతులా ఉంది: ఎత్తుపల్లాల్లేవు, తొందర లేదు, మిమ్మల్ని మెప్పించాలన్న తాపత్రయమూ లేదు. ఈ గొంతుని వీళ్ళు టెర్ప్నోస్ లోగోస్ అంటారు, పేరు ప్లేటో నుంచి తెచ్చుకున్నది. అది నుదుటి దగ్గర మొదలై కిందికి దిగుతుంది. తల, ముఖం ఒక భాగం. మెడ, భుజాలు, చేతులు రెండోది. ఛాతీ మూడు. పొట్ట పైభాగం నాలుగు. పొత్తికడుపు నుంచి కాలివేళ్ళ దాకా ఐదు. ప్రతిచోటా ఎలా ఉందో చూసుకోమంటుంది తప్ప మార్చుకోమనదు. దవడ దగ్గరికి రాగానే మీకు తెలిసిపోతుంది, పొద్దుట్నుంచీ పళ్ళు బిగించే ఉన్నారని.

ఇప్పుడు భుజాలు. పిడికిళ్ళు బిగించి చేతులు నిటారుగా కిందికి దించండి. ముక్కుతో గాలి పీల్చి ఆపండి. ఊపిరి బిగబట్టే భుజాలు పైకీ కిందికీ, పైకీ కిందికీ, చెవులకి తగిలేదాకా. ఇక ఆగలేననిపించాక నోటితో గాలంతా ఒక్కసారి వదిలేసి, పిడికిళ్ళూ వదిలేయండి. గదిలో నిట్టూర్పులు ఒకదాని వెంట ఒకటి. ట్రామ్ డ్రైవరుది అన్నిటికన్నా పెద్దది. ఎవరో నవ్వు ఆపుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ మాట్లాడటం మానేసింది. తర్వాత ఏం చెయ్యాలో చెబుతుందేమోనని మీరు చూస్తున్నారు, చెప్పదు. వేళ్ళ చివర్లు చిమచిమలాడుతున్నాయి. ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి జారినట్టుంది. మెడ వెనక వెచ్చగా ఏదో పాకుతోంది. గుండె కొట్టుకోవడం ఛాతీలోనే కాదు, గొంతులోనూ తెలుస్తోంది. అర నిమిషమో, నిమిషమో ఇలా గడుస్తుంది. మళ్ళీ భుజాలు, మళ్ళీ ఖాళీ. మూడుసార్లు. నన్నడిగితే సోఫ్రాలజీ అంతా ఈ ఖాళీలోనే ఉంది. భుజాలు ఎగరేయించడం ఏ డ్రిల్లు మాస్టారికైనా వచ్చు. ఆ వెంటనే నోరు మూసుకుని, ఒంట్లో ఏం జరిగిందో ఎవరికి వాళ్ళకి తెలిసేదాకా ఓపిక పట్టడమే కష్టం.

ఈ పద్ధతి పెట్టినాయన అల్ఫోన్సో కైసేదో. 1932లో కొలంబియా రాజధాని బొగొటాలో పుట్టి, స్పెయిన్‌లో మానసిక వైద్యుడయ్యాడు. మాడ్రిడ్ ఆసుపత్రిలో ఆయన చూసింది ఇన్సులిన్‌తో రోగిని కోమాలోకి పంపే చికిత్స, కరెంటు షాకులు. స్పృహని దెబ్బకొట్టి బాగుచెయ్యడం ఆయనకి మింగుడు పడలేదు. హిప్నాసిస్‌తో మొదలుపెట్టి 1960లో సోఫ్రాలజీ అన్న పేరు పెట్టాడు. తర్వాత స్విట్జర్లాండ్‌లో లూడ్విగ్ బిన్స్వాంగర్ అనే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాడు. అనుభవానికి కారణాలు వెతకడం కాస్త ఆపి, అది ఎలా ఉందో అలాగే వర్ణించమనే తత్వం ఆయనది. కైసేదో భార్య కొలెట్‌కి యోగాభ్యాసం ఉంది. 1965లో మన దేశం వచ్చారు. యోగుల దగ్గర, ధర్మశాలలో టిబెట్ బౌద్ధుల దగ్గర, ఆ తర్వాత జపాన్‌లో జెన్ ఆశ్రమాల్లో చూసినదాంతో కైసేదో మూడు మెట్లు తయారుచేశాడు: మొదటిది యోగా నుంచి, రెండోది బౌద్ధం నుంచి, మూడోది జెన్ నుంచి. కండరాన్ని బిగించి వదిలే జేకబ్సన్ పద్ధతి, చెయ్యి బరువెక్కిందనీ వెచ్చబడిందనీ లోలోపల అనుకునే షుల్జ్ పద్ధతి అప్పటికే వైద్యుల చేతిలో ఉన్నాయి, వాటినీ కలుపుకున్నాడు. 1970లో బార్సిలోనాలో మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగింది. అంతకుముందే లొజాన్ దంతవైద్యుడు రేమోన్ అబ్రెజోల్ స్విస్ స్కీ క్రీడాకారుల్ని ఈ పద్ధతిలో 1968 గ్రెనోబుల్ ఒలింపిక్స్‌కి తయారుచేశాడు. ఫ్రాన్స్‌లో ఇది ప్రసూతి వార్డుల్లోకీ, పరీక్షలకి వెళ్ళే పిల్లల దగ్గరికీ చేరింది.

మన యోగానే పేరు మార్చి మనకే చూపిస్తున్నారని మీరు లోపల గొణుక్కోవచ్చు. సగం నిజమే. ఊపిరి బిగబట్టడం, దృష్టి లోపలికి తిప్పడం తెలిసినవే. మంత్రం, దేవుడు, పద్మాసనం తీసేసి కుర్చీ వేశారు. కానీ సెషన్ చివర నోట్‌బుక్కులు బయటికి తీసే పద్ధతొకటి ఉంది, అది మాత్రం బిన్స్వాంగర్ గుమ్మం నుంచి వచ్చింది. దాని దగ్గరికి ఇంకాసేపట్లో వెళ్దాం. తర్వాత ఆ మూడు మెట్లు పన్నెండయ్యాయి, కైసేదో ఆండోరాలో స్థిరపడి అన్నిటి మీదా తన పేరు వేయించుకున్నాడు, 2017లో పోయాడు. ఆ పన్నెండు మెట్ల లెక్క మీద నాకంత ఆసక్తి లేదు.

ఇప్పుడు కూర్చున్నారు. వీపు కుర్చీకి ఆనించి, అరచేతులు తొడల మీద పెట్టుకున్నారు. ఊపిరి పీల్చడం కన్నా వదలడం ఎక్కువసేపు సాగనివ్వమంటుంది. నెమ్మదిగా వదిలేటప్పుడు వేగస్ నాడి పని పెరిగి గుండె కాస్త నిదానిస్తుంది, ఇందులో మాయేమీ లేదు. నిద్రకీ మెలకువకీ మధ్య అంచు మీదికి వచ్చారు. బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేశారు. శబ్దం వినిపిస్తోంది, మీకు పట్టడం లేదు.

"ముందు ముందు ఒక రోజు ఉంది. అది మీరనుకున్నట్టే జరిగిపోయింది. తలుపు మూసి బయటికొచ్చారు." పరీక్ష గదిలోకి వెళ్ళడం కాదు, వచ్చెయ్యడంతో మొదలుపెట్టింది. కుర్రాడికి అది కాలేజీ వరండా. నర్సుకి ఇంకేదో. మీకు సోమవారం ఆఫీసులో తప్పించుకు తిరుగుతున్న ఆ మీటింగు. బయటికొచ్చాక ఎండ ఎటు నుంచి పడుతోంది? చేతిలో ఏముంది? మొదట ఎవరికి ఫోన్ చేస్తారు? అక్కణ్ణుంచి వెనక్కి నడిపిస్తుంది: మాట్లాడుతున్న క్షణం, మాట్లాడబోయే ముందు కుర్చీ లాక్కున్న క్షణం. బాగా చేస్తారని హామీ ఇవ్వదు. ఆ గదిలో మీ ఒళ్ళు ఇప్పటిలాగే ఉంటే ఎలా ఉంటుందో చూడమంటుంది.

వేళ్ళు కదిలించండి. ఒళ్ళు విరుచుకోండి. ఆవలింత వస్తే ఆపకండి. కళ్ళు తెరవండి.

నోట్‌బుక్కులు తీశారు. ఏం తెలిసిందో అది రాయాలి, ఎందుకన్నది వద్దు. రాసింది చదవాలనుకున్నవాళ్ళు చదవొచ్చు. కడుపులో బిడ్డ తన్నుతున్నది మొత్తం సేపూ తెలియలేదని, ఊపిరి వదులుతుండగా ఒక్కసారి తెలిసిందని గర్భిణి చదువుతుంది. నేర్పే ఆవిడ "మంచిది" అని కూడా అనలేదు, దానికి అర్థం చెప్పలేదు. డ్రైవరు "కోపం" అని రాసి కొట్టేసి, "పొట్ట పైన బిగింపు" అని రాశాడట. ఏ సలహా ఈ దిద్దుబాటు చేయించగలదు?

అయినా పట్టు విడుపులు తెలుసుకుని నమ్మాలి. ఫ్రాన్స్‌లో ఇది చట్టం నియంత్రించే వృత్తి కాదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. బడులు ఇచ్చే పట్టాలన్నీ ఒక్క స్థాయివి కావు. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఈ ఖర్చు ఇవ్వదు, కొన్ని ప్రైవేటు బీమాలు కొంత ఇస్తాయి. పెద్ద ఎత్తున జరిగిన గట్టి పరిశోధనలు తక్కువే. మనసు తీవ్రంగా కుంగినవాళ్ళకీ, భ్రమల్లో ఉన్నవాళ్ళకీ ఇది వైద్యం కాదు. కళ్ళు మూసి లోపలికి చూడమంటే కొందరికి మరింత చెయ్యి దాటొచ్చు. మందులు ఆపమని చెప్పే గురువు దొరికితే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యాలి. ఈవిడ మొదటి రోజే డాక్టర్ని చూస్తున్నారా అని అడుగుతుంది.

కుర్చీలు మడిచే వేళ కుర్రాడు ఆవిడ దగ్గరికి వచ్చాడు. "పరీక్ష గది బయట అందరూ ఉంటారు. అక్కడ భుజాలు ఎగరేస్తే నవ్వుతారు."

"నిజమే. చెయ్యి జేబులో పెట్టండి. గాలి పీల్చేటప్పుడు పిడికిలి బిగించండి. కాస్త ఆపి, మెల్లిగా వదులుతూ పిడికిలి వదలండి. ఆ తర్వాత ఏమీ చెయ్యకండి."

అక్కడే నిలబడి చేశాడు. మోకాలు ఆడటం లేదు.

"ఏం తెలిసింది?"

"జేబులో చూయింగ్ గమ్ కాగితం ఉంది."

"అది కూడా రాసుకోండి," అంటుంది ఆవిడ.