ముందు చెయ్యి, తర్వాతే స్వస్థత

పాత నిబంధనలోని లేవీయకాండం తిరగేస్తుంటే ఓ వింత కనిపించింది నాకు. అక్కడ చెప్పిన కుష్ఠు ఒంటికే కాదు, బట్టకూ, ఇంటి గోడకూ పట్టేదట! గోడమీద మచ్చలు చూడ్డానికి వచ్చే యాజకుడు ముందుగా సామానంతా బయట పెట్టించేవాడు, అదీ మైలపడకుండా. ఇల్లాలి కష్టం తెలిసినవాళ్లే!

మనిషి విషయంలో మాత్రం కఠినమే. యాజకుడు మందివ్వడు. మచ్చ చూసి, ఏడురోజులు విడిగా ఉంచి, మళ్లీ చూసి తీర్పు చెబుతాడు. అపవిత్రుడన్నాడా, చిరిగిన బట్టలతో, ఆ మాట తనే కేకేసుకుంటూ పాళెం వెలుపల ఒంటరిగా బతకాలి.

మార్కు సువార్తలో అలాంటివాడొకడు యేసు ముందు మోకరిల్లాడు. ఆయన ముందు చెయ్యి చాచి ముట్టుకున్నాడు. స్వస్థత తర్వాతే! పైగా యాజకుడికి కనిపించి, మోషే చెప్పిన కానుక అర్పించమన్నాడు. మళ్లీ నలుగురిలో కలవాలంటే ఆ తీర్పు కావాలి మరి.

1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠుక్రిమిని కనుక్కున్నాడు. లేవీయకాండం వర్ణన ఆ జబ్బుకు సరిపోదంటారు పండితులు. హీబ్రూ మాటను గ్రీకులో 'లెప్రా' అనడంతో, ఆ పాత మైల కాలక్రమాన వేరే రోగుల నెత్తిన పడిందన్నమాట.

ఇవాళ కుష్ఠుకు మాత్రలున్నాయి. వెలికి మాత్రం చాచిన చెయ్యే మందు.