దొనకొండ విమానక్షేత్రం

ఆలూరుకు చేరువనున్న గుంతకల్లు జంక్షను నుండి నంద్యాల, గిద్దలూరుల మీదుగా గుంటూరుకు పోవు రైలుమార్గంలో దొనకొండ అనే స్టేషను కలదు. ఈ ఊరివద్ద సుమారు 136 ఎకరాల బయలు ఒకటి విమానాశ్రయ శాఖ పేర నిలిచి ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో సైనిక విమానాల కొరకు చదును చేసిన నేల ఇది. ఈ మెట్టప్రాంతానికి విమానాలతో పని ఏల కలిగినది? కలిగిన పని ఏల నిలువలేదు?

1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను జపాను వశమైనవి. ఏప్రిల్ 5న కొలంబోపై, 6న విశాఖపట్నం, కాకినాడలపై, 9న ట్రింకోమలీపై జపాను విమానాలు బాంబులు వేసినవి. ఇవి సముద్రంపైనున్న విమానవాహక నౌకల నుండి ఎగిరివచ్చినవి. కనుక తూర్పుతీరమంతయు ప్రమాదంలో పడినది. అంతవరకు భారతసైన్యం దృష్టి వాయవ్య సరిహద్దుపైననే ఉండెను. తూర్పున విమానాలు దిగుటకు తగిన చోట్లు బహుస్వల్పం.

అంతట దేశమంతటా నిర్మాణం సాగినది. 1943 చివరకు 270కి పైగా క్షేత్రాలు సిద్ధమైనవి. తెలుగునాట గన్నవరం, మధురపూడి, తాడేపల్లిగూడెం, దొనకొండ ఈ కాలపువే. యంత్రాలు కొద్దిగా ఉండుటచే దేశంలో పలుచోట్ల పార, గంపలతోనే పని నడచినది. స్త్రీపురుషులు వేలకొలదిగా రాళ్లు కొట్టి, మట్టి మోసినారు.

రన్‌వే అనగా కేవలం పొడవైన రోడ్డు కాదు. విమానం గాలికి ఎదురుగా లేవవలెను, ఎదురుగానే దిగవలెను. అందుచే ఆ ప్రాంతంలో ఏ దిక్కు గాలి హెచ్చుగా వీచునో ముందు చూచెదరు. బరువైన బాంబరు విమానాలకు సుమారు 2,000 గజాల బాట కావలసియుండెను. ఎండ ముదిరినకొలది గాలి పలుచనై రెక్కలకు ఆసరా, ఇంజనుకు బలం తగ్గును. కాబట్టి వేడిప్రాంతాలలో మరింత పొడవు అవసరము.

ఇక నేల సంగతి. ఆలూరు రైతుకు నల్లరేగడి గుణం ఒకరు చెప్పనక్కరలేదు. వేసవిలో పాదం పట్టునంత బీటలు. వాన పడినచో బండిచక్రం దిగబడు అడుసు. అందలి మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకఖనిజం నీరు పీల్చి ఉబ్బును, ఆరి ముడుచుకొనును. ఇట్టిచోట పైపూత ఎంత గట్టిదైనను క్రింది నేల కదలి పగులగొట్టును. అందుచే గరప నేలలు మేలు. రేగడి తప్పనిచోట దానిని తవ్వితీసి, మొరము, కంకర నింపి, రోలరుతో అణచి, నీరు నిలువకుండ ఇరుప్రక్కల కాలువలు తీయవలెను.

1945లో యుద్ధం ముగియుటతో ఈ క్షేత్రాల భవిష్యత్తు వేరువేరు దారులు పట్టినది. విజయవాడ ప్రక్కనున్న గన్నవరం, రాజమండ్రి ప్రక్కనున్న మధురపూడి పౌరవిమానాలకు ఉపయోగపడినవి. దొనకొండకు అట్టి నగరం తోడు లేదు. 2014లో రాష్ట్రవిభజన వేళ రాజధాని చర్చలలో దాని పేరు వినబడినది గాని, విమానాలు తిరిగి రాలేదు. కర్నూలు జిల్లాకు 2021 మార్చిలో వచ్చిన విమానాశ్రయం ఓర్వకల్లు వద్ద క్రొత్త నేలపైననే వెలసినది. దాని రన్‌వే 2,000 మీటర్లు.

యుద్ధానికి కావలసినది శత్రువు ఊహకు అందని చోటు. శాంతికాలపు విమానానికి కావలసినది ప్రయాణికులున్న చోటు. ఈ రెండును ఒకటైనచోట క్షేత్రం బ్రదికినది, కానిచోట బీడైనది. రోలరు క్రింద నలిగి గట్టిపడిన నేలలో నీరు ఇంకదు, వేరు దిగదు. విడిచినంతమాత్రాన అది మరల పొలం కాజాలదు. యుద్ధపు ఖర్చును లెక్కించువారు తుపాకులను, విమానాలను లెక్కింతురు. అట్లు పోయిన సాగునేలను కూడ ఆ లెక్కలో చేర్చవలసియున్నది.