తుపాకీ పట్టని ఇళ్లు

ఖమ్మం అడవుల చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేవాళ్లంతా ఆయుధం పట్టినవాళ్లే. 1879లో రంపలో మొదలైన పితూరీ కొన్ని నెలల్లోనే భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. ఆ ప్రాంతం మధ్యపరగణాల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ చేతికి వచ్చాక పోడు మీద పన్ను పెంచారు, జనం తిరగబడ్డారు. తర్వాత అల్లూరి. ఆ తర్వాత 1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటం. 1980లో గోదావరి దాటి దండకారణ్యంలోకి వెళ్లిన పీపుల్స్‌వార్ దళాలు. వీళ్ల మీద పుస్తకాలున్నాయి, పాటలున్నాయి, స్తూపాలున్నాయి. పోలీసుల వైపు పోయినవాళ్లకూ స్తూపాలున్నాయి. ఏ దళంలోనూ చేరకుండా, ఎవరికీ కబుర్లు మోయకుండా, అడిగినవాళ్లకు నీళ్లిచ్చి రెండు వైపులా తన్నులు తిన్న ఇళ్లు ఈ అడవి నిండా ఉన్నాయి. వాటి గురించి రాసింది చాలా తక్కువ.

ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఈ మాట ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నా, దాన్ని బయటికి లాగింది మాత్రం ఒక పాత అమెరికన్ సినిమా. పేరు ‘ఫ్రెండ్లీ పర్సుయేషన్’. 1956లో వచ్చింది. ‘బెన్‌హర్’ తీసిన విలియం వైలరే దీనికీ దర్శకుడు. మరుసటి ఏడు కాన్ ఉత్సవంలో పెద్ద బహుమతి దీనికే ఇచ్చారు. అమెరికా అంతర్యుద్ధం నాటి ఇండియానాలో ఒక క్వేకర్ రైతు కుటుంబం కథ ఇది. తండ్రి జెస్‌గా గ్యారీ కూపర్, తల్లి ఎలైజాగా డొరతీ మెక్‌గ్వైర్, పెద్దకొడుకు జోష్‌గా ఆంథొనీ పెర్కిన్స్ నటించారు. దక్షిణాది సైన్యం ఊరి మీదకి వస్తోంది. మనుషుల్ని చంపకూడదన్నది ఆ ఇంటి మతం. ఇప్పుడు ఆ ఇంట్లోవాళ్లు ఏం చేయాలి? అంతే కథ.

క్వేకర్లు పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో పుట్టిన క్రైస్తవ శాఖ. ఏ రాజు కోసమూ, ఏ కారణానికీ ఆయుధం పట్టబోమని 1660లోనే రాజుకి రాసిచ్చారు. యుద్ధాల్లో గాయపడ్డవాళ్లకూ ఆకలిగొన్నవాళ్లకూ చేసిన సేవకి 1947లో వాళ్ల సంస్థలకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కేరళలో ఇటుకల ఇళ్లు కట్టిన లారీ బేకర్ వాళ్లవాడే. మన దగ్గర క్వేకర్లు లేరు గానీ, వాళ్లలాగే యుద్ధం వద్దనే మెన్నొనైట్లు ఉన్నారు. 1889లో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో ఆ మిషన్‌కి పునాది వేశాడు. ఖమ్మం అడవిలోని మా ఇళ్లకి మాత్రం తుపాకీ వద్దని చెప్పే మతమేదీ అండగా లేదు. వాళ్లు పట్టలేదు, అంతే.

ఈ సినిమాని కొందరు పాత సహోద్యోగులకీ, నా దగ్గర చదువుకున్న కొందరికీ భద్రాచలంలో మా ఇంట్లోనే చూపించాను. మాటలు నేను తెలుగులో చెబుతుంటే, గుత్తికోయ గూడెం నుంచి వచ్చిన మా పాత విద్యార్థి ఒకతను వాళ్ల నాయనమ్మకి కోయలో చెప్పాడు. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వం అండతో సల్వాజుడుం నడిచిన రోజుల్లో సరిహద్దు దాటి, చర్ల వైపు మిరపకోతలకని వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం వాళ్లది.

సినిమాలో ఎలైజా సమంతా అనే బాతుని పెంచుకుంటుంది. పెద్దబాతు, అందరినీ పొడుస్తూ తిరుగుతుంటుంది. సైనికులు ఇంటి మీద పడ్డప్పుడు ఎలైజా ఏమాత్రం బెదరదు. ఆకలితో ఉన్నారు, తినండి అంటూ ఇంట్లో ఉన్నదంతా తెచ్చి ముందు పెడుతుంది. వాళ్లలో ఒకడు బాతుని పట్టబోయేసరికి మాత్రం తట్టుకోలేక చీపురెత్తి వాడిని బాదేస్తుంది. ఆ తర్వాత, చేయి చేసుకున్నందుకు సిగ్గుపడుతుంది. అందరం నవ్వాం. ముసలమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వాక చెప్పింది: “ఆమె కొట్టి బతికింది. మేం గంప కింద మూసి, గంప మీద ఎండుకట్టెలు పేర్చాం. పుంజు లోపల్నుంచి కూసింది.” ఎవరొచ్చారని మేం అడగలేదు, ఆమే చెప్పలేదు. ఆ ఏడు నుంచి వాళ్లింట్లో పుంజుని పెంచడం మానేశారట. పెట్టలనైతే ఎలాగోలా దాచొచ్చు, పుంజు నోరు ఎవరు మూస్తారు? పండక్కి, కొలుపుకి పుంజు లేకపోతే కుదరదు. అప్పటికప్పుడు సంతలో కొనుక్కొచ్చుకునేవారు. అడవిలో యుద్ధం అంటే ఏమిటని ఎవరైనా నన్నడిగితే ముందు ఈ పుంజు సంగతే చెబుతాను.

మా సహోద్యోగి ఒకాయనకి సినిమా నచ్చలేదు. లెక్కల మాస్టారు, ఉద్యమాల్లో తిరిగినాయన. “పక్కింటివాళ్లు ఏటి దగ్గర కాపు కాసి కాల్చబట్టి గదా వీళ్ల ఇల్లు నిలబడింది? చచ్చేది వాళ్లు, పుణ్యం వీళ్లకా?” అన్నారు. తేలిగ్గా కొట్టేసే మాట కాదది. నిజానికి జోష్ కూడా వెళ్లి తుపాకీ పడతాడు, ఏడుస్తూ కాలుస్తాడు. ఇంట్లో పనిచేసే ఈనాక్, బానిసత్వం నుంచి తప్పించుకున్న మనిషి, అతనూ వెళ్తాడు. అతను వెళ్లడాన్ని నేనూ తప్పుపట్టలేను. చివరికి తుపాకీ కాల్చకుండా మిగిలింది జెస్ ఒక్కడే. తన మిత్రుడిని చంపినవాడు, తనమీదా కాల్చినవాడు, చేతికి చిక్కితే వాడి తుపాకీ లాక్కుని, కొట్టకుండా వదిలేస్తాడు. మాస్టారికి అది చేతకానితనంలా కనిపించింది. నాకు మాత్రం సినిమా మొత్తంలో అంత కష్టమైన పని ఇంకెవరూ చేయలేదనిపించింది.

మా అమ్మమ్మ ఊరు ఇల్లెందు అడవి అంచున ఉండేది. సాయుధ పోరాటం నాటికి తాతయ్యకి ముప్పై దాటలేదు. రాత్రి వచ్చినవాళ్లు తుపాకీ ఇస్తామన్నారు, పట్టనన్నాడు. పగలు వచ్చినవాళ్లు దారి చూపించమన్నారు, చూపనన్నాడు. రాత్రి వచ్చినవాళ్లకి గట్క పెట్టాడు, పగలు వచ్చినవాళ్లకి పాలు పోశాడు. దెబ్బలకి ఒక చెవి పోయింది. ఎవరు కొట్టారన్నది మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. ఎందుకు పట్టలేదన్నది ఆయన ఎన్నడూ చెప్పలేదు. అమ్మమ్మ మాత్రం అనేది: “ఒక తమ్ముడు దళంలో ఉండె, ఇంకో తమ్ముడు పోలీసు పటేల్ దగ్గర కొలువుండె. ఎవరి మీదికెత్తుతడు?”

సినిమాకీ మా అడవికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. ఎలైజా అన్నం పెట్టింది కాబట్టి సైనికులు ఇల్లు తగలబెట్టకుండా వెళ్లిపోయారు. మా దగ్గర ఆ అన్నమే నేరమైంది. దళానికి తిండి పెట్టేది గూడెం. గూడేన్నే అడవిలోంచి తీసేస్తే దళం ఆకలికి మాడి బయటికి వస్తుందన్నది పాలకుల లెక్క. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత దళాలు గోదావరి అడవుల్లోకి జరిగాయి. అప్పుడు కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తోలిన సంగతి పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో వెలువరించిన పుస్తకంలో ఉంది. అదే కాలంలో, 1950లో, మలయాలో బ్రిటిష్‌వాళ్లు బ్రిగ్స్ పథకం పేరుతో లక్షల మందిని కంచెల వెనక కొత్త ఊళ్లకి తరలించారు. వియత్నాంలోనూ, 1967లో మిజోరంలోనూ అదే జరిగింది. 2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైనప్పుడు మళ్లీ అవే శిబిరాలు. దోర్నపాల్, ఎర్రబోర్, కొంట. చింతూరు నుంచి శబరి వెంట కొంచెం పైకి వెళ్తే వచ్చే ఊళ్లే ఇవి.

శిబిరానికి వెళ్తే ప్రభుత్వం వైపు, వెళ్లకపోతే మావోయిస్టుల వైపు. మధ్యలో ఉంటామంటే కుదరదు. వెళ్లినవాళ్లకీ రక్షణ దొరకలేదు. 2006 జూలైలో ఎర్రబోర్ శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి 30 మందికి పైగా చంపారు, అందులో పిల్లలున్నారు. వెళ్లనివాళ్ల ఇళ్లు తగలబడ్డాయి. రెండూ వద్దనుకున్నవాళ్లు పిల్లల్ని భుజానేసుకుని, గిన్నెలు మూటగట్టుకుని అడవి దారిన ఉమ్మడి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి వచ్చారు. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, చింతూరు అడవుల్లో కర్రల దడులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్లు పారిపోయి వచ్చారని మనం అంటుంటాం. నా దృష్టిలో, చంపనూ చంపించనూ అని కాళ్లతో ఓటేసిన జనం వాళ్లు.

జోష్ దగ్గర మా పాత విద్యార్థి ఆగిపోయాడు. తను యుద్ధానికి వెళ్లనంటున్నది ధర్మానికా, భయానికా అని జోష్ తనని తానే అడుగుతాడు. తండ్రి, నిర్ణయం నీదేనని వదిలేస్తాడు. “వాళ్ల నాన్న ఒక రాత్రి ఆలోచించుకోనిచ్చిండు టీచర్. మా ఊళ్లో ఎవ్వరికీ ఆ రాత్రి దొరకలే” అన్నాడు. అతని అన్న సంగతి నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఆ మాట విన్నాక 2011 జూలై 5 నాటి సుప్రీంకోర్టు తీర్పు మళ్లీ తీసి చదివాను. నందినీ సుందర్ తదితరులు వేసిన కేసులో జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఇచ్చిన తీర్పు అది. గిరిజన యువకుల్ని ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టి, తుపాకులిచ్చి యుద్ధంలోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అప్పటికి అలాంటివాళ్లు ఆరువేల పైచిలుకు. నెలకి ఇచ్చేది 3,000 రూపాయలు. ఎంపికలో ఐదో తరగతి పాసైనవాళ్లకి ప్రాధాన్యం అని ఉంది. ఐదో తరగతి పిల్లలకి నేను కూడికలూ గుణకారాలూ నేర్పాను. ఆ చదువుతో ఒక మనిషి క్లుప్తంగా రాసిన ఆర్డరు కూడా సరిగా చదువుకోలేడు. అలాంటి కుర్రాడిని, ఇంట్లోవాళ్లని పోగొట్టుకుని పగతో ఉన్నాడు కాబట్టి బాగా పోరాడతాడన్న లెక్కతో తీసుకోవడాన్ని కోర్టు గట్టిగా తప్పుపట్టింది. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం గ్రామాల్లో ఇళ్లు తగలబెట్టిన ఘటనలపై దర్యాప్తుని అదే తీర్పులో సీబీఐకి అప్పగించింది.

ఈ పగ సంగతి వైలర్ సినిమాలోనూ ఉంది. పర్డీ అని ఒక పెద్దమనిషి. మీటింగులో శాంతి గురించి అందరికంటే గట్టిగా మాట్లాడతాడు, తన నమ్మకం చెదరదంటాడు. తన పశువులకొట్టం కాలిపోగానే తుపాకీ పట్టుకుని వచ్చి, నువ్వెందుకు రావని జెస్‌నే నిలదీస్తాడు. అతన్ని చూసి కోపం రాలేదు నాకు. గూడేల్లో అలా మారిపోయినవాళ్లని చూశాను. ఇల్లు కాలినవాడి దగ్గర నిలబడి శాంతి పాఠం చెప్పే హక్కు ఇల్లు కాలనివాళ్లకి లేదు. జెస్ కూడా చెప్పడు. తన వరకు తాను పట్టడు, అంతవరకే. సినిమా గొప్పతనం అక్కడుంది.

ఇంకో విషయం కూడా ఇక్కడ చెప్పాలి. ఈ సినిమాకి స్క్రీన్‌ప్లే రాసిన మైకేల్ విల్సన్‌ని అమెరికన్ కాంగ్రెస్ కమిటీ పిలిచి కమ్యూనిస్టులెవరో చెప్పమంటే సహకరించలేదు. హాలీవుడ్ అతన్ని నల్లజాబితాలో పెట్టింది. సినిమా మీద అతని పేరే వేయలేదు. అతను పోయిన చాలా ఏళ్లకి, 1996లో, ఆ పేరు తిరిగి ఎక్కించారు. 1988లో మాస్కోలో అధ్యక్షుడు రీగన్ గోర్బచేవ్‌కి కానుకగా ఇచ్చింది ఈ సినిమానే. అప్పటికింకా దాని మీద రచయిత పేరు లేదు. కబుర్లు మోయనన్నవాళ్ల పేర్లు ఎక్కడైనా ఇలాగే ఆలస్యంగా ఎక్కుతాయి.

మా దగ్గర అసలు ఎక్కనే లేదు. సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయలకి ఇక్కడ గిరిజనులుగా గుర్తింపు లేదు. కాబట్టి పోడుకి పట్టా రాదు, పిల్లలకి కుల ధ్రువపత్రం రాదు. అటవీ శాఖతో గొడవలు తప్పట్లేదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర రేంజ్ ఆఫీసర్ ఒకరు గుత్తికోయల దాడిలో చనిపోయారు. ఆ తర్వాత గుత్తికోయలందరినీ ఒకే గాటన కట్టి తిట్టిన మాటలు చెవులారా విన్నాను. చంపడం నేరం, శిక్ష పడాల్సిందే. కానీ తుపాకీ తప్పించుకోవడానికి ఉన్న ఊరే వదులుకున్న వేల మందికి ఆ నేరం అంటగట్టడం అన్యాయం. 2014లో చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలు ఆంధ్రకి వెళ్లాయి, రేకపల్లి కూడా వాటితోపాటే వెళ్లింది. ఇప్పుడు ఒకే కుటుంబపు బంధువులు మూడు రాష్ట్రాల్లో ఉన్నారు. ఏ రాష్ట్రం తమది అని అడిగితే చెప్పలేని పిల్లలు బడికి వస్తున్నారు.

భద్రాచలం, కొత్తగూడెం, చింతూరు కాలేజీల్లో చరిత్ర, తెలుగు చెప్పే మిత్రులకి నా విన్నపం ఒకటే. మీ క్లాసుల్లో కోయ పిల్లలున్నారు, వాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి. వాళ్ల తాతల్ని, నాయనమ్మల్ని కోయలోనే మాట్లాడించి రికార్డు చేయించండి. ఎవరు ఎవరిని చంపారని అడగొద్దు, చెప్పినవాళ్లకి ఇంకా ప్రమాదమే. ఆ రోజుల్లో ఏం వండారో, ఏం దాచారో, ఎక్కడ పడుకున్నారో, పిల్లల్ని ఎలా కాపాడుకున్నారో అడగండి. పేర్లు మార్చి భద్రపరచండి. 1950 నాటి శిబిరాలు కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఎక్కడో ఒకరిద్దరు మిగిలారు. 2006 నాటివి చూసినవాళ్లు ఇంకా బతికున్నారు. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి.