ఆకలి మొక్క ఎవరిది? – కలహారి సాన్ ఆదివాసుల హూడియా చరిత్ర

దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్‌వానా దేశాల్లో పరుచుకున్న కలహారి ఎడారి సాన్ ఆదివాసుల నేల. వేట మీద బతికిన ఆ ప్రజలు జంతువుల జాడ పట్టుకుని రోజుల తరబడి నడిచేవారు. తిండీ నీళ్లూ దొరకని దారిలో వాళ్లకు ఆసరా ఒక ముళ్ల మొక్క. ముళ్లు గీకేసి, చేదుగా ఉండే కాండాన్ని దోసకాయలా కొరుక్కు తింటే ఆకలి, దాహం అణుగుతాయని వాళ్ల అనుభవం. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు హూడియా గోర్డోని. చూడ్డానికి బ్రహ్మజెముడులా ఉన్నా అది జిల్లేడు కుటుంబపు మొక్క.

ఎక్కడో ఆఫ్రికాలో జరిగింది మనకెందుకు అనుకోవద్దు. మన అడవిలోని ఏ వేరుకైనా, ఏ ఆకుకైనా జరగగల కథ ఇది.

దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధనా సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. 1963లో అడవిలో దొరికే తిండి మొక్కల మీద పరిశోధన మొదలుపెట్టింది. సాన్ ప్రజలు హూడియాను ఎలా వాడతారో అంతకు ముందే బయటివాళ్లు రాసిపెట్టారు. అందుకే ఆ మొక్క కూడా పరిశోధనలోకి వచ్చింది. ఆకలి తగ్గించే పదార్థాన్ని విడదీసి, 1995లో ఆ సంస్థ పేటెంటుకు దరఖాస్తు చేసింది. 1997లో బ్రిటన్‌కు చెందిన ఫైటోఫార్మ్ కంపెనీకి, దాని ద్వారా 1998లో అమెరికా మందుల కంపెనీ ఫైజర్‌కు హక్కులు వెళ్లాయి. తిండి లేని రోజుల కోసం సాన్ వేటగాళ్లు దాచుకున్న తెలివి, తిండి ఎక్కువైన దేశాల్లో బరువు తగ్గించే మందుకు ముడిసరుకైంది. ఇంత జరిగినా సాన్ ప్రజల అనుమతి ఎవరూ అడగలేదు.

2001లో పత్రికలు ఈ విషయం బయటపెట్టాయి. ఆ జనం అంతరించిపోయారని అనుకున్నామని ఫైటోఫార్మ్ అధిపతి చెప్పాడు. అప్పటికి దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు దేశాల్లో సాన్ ప్రజలు సుమారు లక్షమంది ఉన్నారు. 1931లో జాతీయ పార్కు పేరుతో నేల పోగొట్టుకున్న ఖొమానీ సాన్‌లకు, కోర్టు బయటి ఒప్పందం కింద ప్రభుత్వం 1999లోనే దాదాపు 40,000 హెక్టార్లు తిరిగి ఇచ్చింది. భూమి విషయంలో కనిపించిన మనుషులు మొక్క దగ్గరికి వచ్చేసరికి కనిపించకుండా పోయారు.

సాన్ ప్రజలు ఊరుకోలేదు. తమ మండలిని ఏర్పాటు చేసుకుని, న్యాయవాదిని పెట్టుకుని సి.ఎస్.ఐ.ఆర్.తో చర్చలకు కూర్చున్నారు. 2003 మార్చిలో ఒప్పందం కుదిరింది. పరిశోధన దశల్లో ఆ సంస్థకు ముట్టే సొమ్ములో 8 శాతం, అమ్మకాల రాయల్టీలో 6 శాతం సాన్‌ల నిధికి చేరాలి. ఆదివాసుల జ్ఞానానికి వాటా ఉందని కాగితం మీద ఒప్పించిన తొలి ఒప్పందాల్లో ఇదొకటి.

కానీ అనుకున్నంత డబ్బు రాలేదు. అదే ఏడాది ఫైజర్ తప్పుకుంది. 2004లో వచ్చిన యూనిలీవర్ కూడా, మందు భద్రత మీద, పనితనం మీద అనుమానాలతో 2008లో వదిలేసింది. ఆ పరీక్షల ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. మందు తీసుకున్నవాళ్లకు బరువు తగ్గలేదు సరికదా వికారం, వాంతులు, రక్తపోటు పెరగడం కనిపించాయి. ఈలోగా అమెరికాలో హూడియా పేరుతో మాత్రలు విపరీతంగా అమ్ముడయ్యాయి. చాలావాటిలో అసలు హూడియానే లేదు. ఎడారిలో మొక్కను పీకేయడం పెరగడంతో 2004లో దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ పెట్టారు. వేట దారిలో ఒక ముక్క కొరికి తినడం వేరు, సారం తీసి రోజూ మింగడం వేరు.

ఇలాంటి మొక్క మన దగ్గరా ఉంది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో అచ్చయిన తన పుస్తకంలో, తెలుగువాళ్లు కారల్లం అనే మొక్క గురించి రాశాడు. దాని లేత కొమ్మలు పచ్చిగా తింటారనీ రాశాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ ఆ తెలుగు పేరుతోనే కారలుమా అనే ప్రజాతిని ఏర్పరిచాడు. ఇదీ హూడియా కుటుంబానిదే. ఇప్పుడు దాని సారం బరువు తగ్గించే మాత్రలుగా విదేశాల్లో అమ్ముడవుతోంది. బెంగళూరులో జరిగి 2007లో ప్రచురితమైన పరీక్షలో ఆకలి, నడుము చుట్టుకొలత కొంత తగ్గాయిగాని, బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. శాస్త్రంలో పేరు మనది మిగిలింది. ఆ పేరు చెప్పిన మనిషి ఎవరో ఎక్కడా లేదు.

మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం ఉంది. దాని ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మన గ్రామంలో ఆ రిజిస్టర్ ఉందా? ఉంటే అందులో మన పెద్దల మాట ఉందా? ఏది రాయాలో, ఏది మనలోనే ఉంచుకోవాలో గ్రామసభలో కూర్చుని మనమే తేల్చుకోవాలి. యువకులు అడగాలి, ఉపాధ్యాయులు రాయడంలో తోడుండాలి.

సాన్ ప్రజలు 2017లో తమ దగ్గరికి వచ్చే పరిశోధకుల కోసం సొంత నియమావళి ప్రకటించారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ ఉండాలనీ, తాము పెట్టిన పద్ధతి ప్రకారమే రావాలనీ అందులో ఉంది. వాళ్లు ఆ నియమాలు రాసుకునేసరికి మొక్క చేజారి ఇరవై ఏళ్లు దాటింది. మన నియమాలు మనం ముందే రాసుకుందాం.