కొత్త ఇల్లు, పాత వీధి: నల్లగొండ, పాలమూరు ఇండ్ల కథ

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఖర్చును, శ్రమను తలచుకొని ఈ సామెతను వాడుతుంటాము గాని, ఈ రెండు కార్యాలకు మరొక సామ్యం కూడా ఉన్నది. పెళ్ళితో కొత్త మనిషి పాత బంధువుల నడుమకు వస్తుంది. ఇల్లు కడితే కొత్త గోడ పాత గోడల నడుమకు వస్తుంది. వచ్చిన మనిషి నలుగురిలో ఎలా కలిసిందని ఏళ్ళ తరబడి మాట్లాడుకొనే మనం, వచ్చిన ఇల్లు వీధిలో ఎలా కలిసిందని ఒక్కనాడైనా మాట్లాడుకోము. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్నను గురించి.

నేను ఎన్నుకొన్న ప్రాంతం ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు. 2016 అక్టోబరులో ఈ రెండూ చీలి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. ఇండ్లకు ఈ హద్దులతో పని లేదు కనుక పాత పేర్లతోనే సాగుతాను.

మట్టి చెప్పినట్టు విన్న ఇల్లు

ఈ మెట్ట ప్రాంతపు పాత ఇండ్లను స్థూలంగా రెండు జాతులుగా చెప్పవచ్చు. ఒకటి పెంకుటిల్లు. మట్టిగోడ, దాని మీద దూలాలు, వాసాలు, ఆపైన కూనపెంక. ఆ తరువాత బెంగుళూరు పెంక వచ్చింది. కలిగినవారి ఇంట్లో నడుమ ఆకాశం కనిపించే ఖాళీ స్థలం, చుట్టూ మొగురాల మీద నిలిచిన వసారా, దాని వెనుక అర్రలు ఉండేవి. కోస్తావారు మండువా లోగిలి అనేదాన్ని మనవారు భవంతి అన్నారు. నల్లగొండ పల్లెల్లో ఎక్కువగా కనిపించే రూపం ఇదే.

రెండవది మిద్దె. గద్వాల, అలంపురం, మక్తల్ వైపు, అంటే కృష్ణా తుంగభద్రల దగ్గరకు, రాయచూరు కర్నూలు సీమల అంచుకు వెళ్ళిన కొద్దీ కప్పు చదును అవుతుంది. రాతి గోడల మీద దూలాలు పరచి, పైన మట్టి, చవుడు దట్టంగా మెత్తుతారు. వాన తక్కువైన సీమ కనుక కప్పుకు వాలు అక్కర లేదు. ఎండ ఎక్కువైన సీమ కనుక కప్పుకు మందం కావాలి. ఎండాకాలం రాత్రి పడకకు, ధాన్యం, మిరప ఎండబెట్టడానికి ఆ మిద్దె మరొక వాకిలిగా పనికివస్తుంది.

ఈ రెండు జాతులకూ నక్షా గీసిన ఇంజనీరు లేడు. అయినా ఒక వీధిలోని ఇండ్లన్నీ ఒకే కుటుంబంలోని ముఖాలవలె ఉండేవి. అది ఎవరో పెట్టిన నియమం వల్ల వచ్చినది కాదు. ఊరి చెరువు మట్టి, ఊరి గుట్ట రాయి, ఊరి వడ్రంగి కొలబద్ద అందరికీ ఒకటే. దూలం ఎంత పొడుగు దొరికితే అర్ర అంత వెడల్పు. సామగ్రి ఒకటి కావడమే అందరినీ ఒక తీరులోకి తెచ్చింది.

అరుగు ఎవరిది?

పాత వీధిని వీధిగా నిలబెట్టినది కప్పు కన్నా అరుగు అని నా అభిప్రాయం. దర్వాజకు రెండు వైపులా, గోడను ఆనుకొని, నడుము ఎత్తుకు కాస్త తక్కువగా కట్టిన దిమ్మె అది. స్థలం ఇంటివారిది, వాడుక ఊరివారిది. బాటసారి కూర్చోవచ్చు, ముసలివారు ముచ్చట పెట్టుకోవచ్చు, కూరగాయల గంప దించుకోవచ్చు. ఇంటివారిని అడిగే పని లేదు. ఇండ్లన్నీ వీధి అంచుకు వచ్చి, అరుగులన్నీ ఒక వరుసలో కలిసినప్పుడు, ఆ వీధి పొడవునా ఒక సభ ఏర్పడినట్టే.

ఇప్పుడు ఆ వరుస నడుమ కట్టే కొత్త ఇంటిని చూడండి. నాలుగడుగులు వెనక్కు జరుగుతుంది. ముందు ప్రహరీగోడ, ఇనుప గేటు, బండి ఎక్కడానికి వీధిలోకి చొచ్చుకువచ్చిన ఏటవాలు గచ్చు. అరుగు ఉండవలసిన చోట గోడ ఉంటుంది. ఇంటికి రంగు ఏదైనా, అంతస్తులెన్నైనా, వీధిలో పోయేవాడికి అది ఇచ్చే సమాధానం ఒక్కటే: ఇక్కడ నీకు పని లేదు. ఒకటి రెండు ఇండ్లతో వీధి చెడిపోదు. సగం ఇండ్లు అలా మారిన తరువాత మాత్రం మిగిలిన అరుగుల మీద కూర్చునేవారు కూడా లేచిపోతారు.

పోచంపల్లి: వీధే కార్ఖానా

ఇంటికీ వీధికీ గల ఈ బంధం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది నేతగాండ్ల ఊళ్ళలో. భూదాన్ పోచంపల్లి పేరు వినగానే 1951 ఏప్రిల్ 18 గుర్తుకు వస్తుంది. ఆనాడు అక్కడి దళితులు వినోబా భావేను 80 ఎకరాల భూమి అడగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో పోచంపల్లికి చోటు దక్కింది. వచ్చే యాత్రికులు చీరను చూస్తారు. చీరను పుట్టించిన ఇంటిని చూసేవారు తక్కువ.

నేతగాని ఇంటికి మగ్గమే కేంద్రం. గుంట మగ్గానికి నేలలో గుంట కావాలి, కనుక మగ్గం ఉండే చోటు నేల మీదే ఉండాలి. పోగు కనిపించాలంటే పక్కనుంచి వెలుతురు రావాలి. ఆసు పోయడానికి ముందరి అర్రలో స్థలం కావాలి. ఆ ఆసు ఇంటి ఆడవారి భుజాలను అరగదీసిన పని. దాన్ని చూసి చలించిన చింతకింది మల్లేశం యంత్రాన్ని తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఊరు శారాజీపేట కూడా పాత నల్లగొండ జిల్లాదే. ఇక పడుగు చాపి సరిచేయాలంటే ఇల్లు చాలదు, వీధి కావాలి. నేతవాడలో వీధి తిన్నగా, పొడుగ్గా ఉండటం అందానికి కాదు. అక్కడ వీధి నడిచే దారి మాత్రమే కాదు, కార్ఖానాలో ఒక భాగం.

అటువంటి వాడలో కొత్త ఇంటికి నగరపు నక్షా తెచ్చి పెడితే ఏమవుతుంది? హాలు, రెండు పడక గదులు, నునుపైన టైల్సు. మగ్గం గుంటకు చోటు ఉండదు. మగ్గం ఇంటి వెనుక రేకుల కింద చేరుతుంది, లేదా అమ్ముడుపోతుంది. ఇక్కడ ఇల్లు పరిసరానికి ఒదగకపోవడమంటే కంటికి ఇంపుగా లేకపోవడం కాదు, ఒక జీవనాధారానికి తావు లేకపోవడం.

ఒదగడం అందరికీ ఒకటేనా?

ఇంతవరకు చదివి, 'పాతకాలం ఎంత బాగుండేది' అని నిట్టూర్చేవారు ఉంటే ఒక్క క్షణం ఆగాలి. పాత ఊరి అమరిక అమాయకమైనది కాదు. ఊరి నడుమ గడీ, దాని చుట్టూ అంతస్తును బట్టి వాడలు, ఊరికి ఎడంగా దళితవాడ. ఎత్తైన గోడల గడీ ముందు చెప్పులు తొడుక్కొని నడవడానికి జంకిన రోజులు ఈ నేలవే. 1946 జూలై 4న కడవెండిలో ప్రజల ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపారు, దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లాలోని ఊరు. ఆ పోరాటం వెట్టికీ, భూమికీ సంబంధించినదే కాదు. ఎవరి గోడ ముందు ఎవరు తల ఎత్తవచ్చునన్న ప్రశ్న కూడా అందులో ఉన్నది.

కనుక వలస వెళ్ళి, పాలమూరు కూలీగా దూర దేశాల్లో ఆనకట్టలకు మట్టి మోసి, పట్నంలో మేడలు కట్టి, ఆ సొమ్ముతో ఊళ్ళో ఒక స్లాబు ఇల్లు వేసుకొని ముదురు రంగు పూసుకున్న మనిషిని 'నీ ఇల్లు వీధికి నప్పలేదు' అనే హక్కు ఎవరికీ లేదు. ఆ రంగు ఒక ప్రకటన. ప్రతి యేడు కప్పు మార్చే బాధ, వానకు గోడ కూలుతుందన్న భయం తనకు తీరాయని చెప్పే ప్రకటన. మట్టి గోడల చల్లదనాన్ని పొగిడేవారిలో చాలామంది వాటికి ఏటేటా అలికినవారు కారు.

అరుగు విషయంలోనూ ఇదే మాట. అది ఊరివారందరిదీ అన్నాను గాని, ఆ 'అందరి'లో అందరూ లేరు. అరుగు మీద కూర్చోగలిగినవారు కొందరు, దాని ముందు నిలబడవలసినవారు కొందరు. ఇప్పుడు అరుగు తిరిగి కట్టుకోవాలంటే, నిజంగా అందరిదీ అయ్యే అరుగునే కట్టుకోవాలి.

రాళ్ళకు అంకెలు, వీధులకు లేవు

ఊరు మొత్తం కొత్తగా కట్టవలసి వచ్చిన సందర్భం కూడా పాలమూరు చరిత్రలో ఉన్నది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ప్రాజెక్టు కింద 1980ల ఆరంభానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్ళు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి గుర్తు పెట్టి, విప్పి, అలంపురానికి తరలించి మళ్ళీ నిలబెట్టారు. పాపనాశి గుళ్ళను, సోమశిల గుళ్ళను కూడా అలాగే కాపాడారు. ఇది గర్వించదగిన పని, సందేహం లేదు.

ఇండ్లకు మాత్రం ఆ భాగ్యం లేకపోయింది. ఎవరి ఇల్లు ఎవరి పక్కన ఉండేదో, ఏ అరుగు ఏ బావికి ఎదురుగా ఉండేదో ఎవరూ గుర్తు పెట్టలేదు. నిర్వాసితులకు ఉద్యోగాల కోసం 1986లో వచ్చిన 98వ నంబరు ఉత్తర్వు అమలుకే దశాబ్దాలు పోరాడవలసి వచ్చింది. ఇక వీధి కావాలని అడిగే తీరిక ఎవరికి? గుడిని తిరిగి కట్టగల నేర్పు మనకు ఉన్నదని, పొరుగును తిరిగి కట్టాలన్న తలంపు లేదని ఆ ముంపు చెప్పింది.

సిమెంటు వచ్చింది, నియమం వచ్చింది

ఒకే సామగ్రి వల్ల వచ్చిన ఏకరూపం సామగ్రి మారగానే పోయింది. 1982లో కొంత, 1989లో పూర్తిగా సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ తొలగింది. నల్లగొండ దక్షిణాన వాడపల్లి, మట్టపల్లి, హుజూర్‌నగర్ ప్రాంతపు సున్నపురాయి నేలలో సిమెంటు కర్మాగారాలు లేచాయి. గానుగలో డంగు సున్నం నూరిన సీమలోనే ఆ విద్య అడుగంటింది. దూలం పొడుగు ఇక అర్ర వెడల్పును నిర్ణయించదు. ఎవరికి తోచినట్టు వారు కట్టుకొనే వీలు వచ్చింది.

ఆ ఖాళీని నింపవలసినది నియమం. మన నియమాలు వేరొక దారి పట్టాయి. 2012 భవన నిర్మాణ నియమావళి ప్రకారం అతి చిన్న స్థలంలో కూడా ముందు 1.5 మీటర్లు వదలాలి. గాలికీ, వెలుతురుకూ, రోడ్డు విస్తరణకూ అది అవసరమే. కాని ఇండ్లన్నీ వీధి అంచున నిలిచిన పాత వాడకూ, ఊరి బయటి కొత్త కాలనీకీ ఒకే కొలత వేస్తే, పాత వరుసను విరగ్గొట్టినవాడే చట్టాన్ని పాటించినవాడవుతాడు. 2020లో తెలంగాణ పురపాలికల్లో అనుమతుల చట్టం మారింది. 75 గజాల లోపు స్థలానికి అనుమతి అక్కర లేదు, నమోదు చాలు. సామాన్యునికి ఆఫీసుల చుట్టూ తిరుగుడు తప్పింది, మంచిదే. 2017 వారసత్వ చట్టం కోటలను, గుళ్ళను, కట్టడాలను కాపాడటానికి వచ్చింది. ఈ రెంటి నడుమ ఉన్న మామూలు వీధిని పట్టించుకొనేవారు లేరు.

ఇతర దేశాలు ఈ ప్రశ్నను ముందే ఎదుర్కొన్నాయి. అమెరికాలోని చార్లెస్టన్ నగరం 1931లోనే ఒక పాత పేట మొత్తానికి నియమాలు చేసుకున్నది. ఇంగ్లండు 1967 చట్టంతో ఒక్కొక్క కట్టడాన్ని గాక ప్రాంతాన్ని కాపాడే పద్ధతి తెచ్చింది. అంత దూరం పోనక్కర లేదు. పుదుచ్చేరిలోని వైశ్యాల్ వీధిలో ఇంటివారితో కలిసి పాత ముఖద్వారాలను, తిణ్ణెలను బాగుచేశారు. తమిళుల తిణ్ణె మన అరుగే. ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ గుర్తింపు వచ్చింది.

నకలు వద్దు, నాలుగు మర్యాదలు చాలు

వీధికి ఒదగడమంటే పాత ఇంటిని అనుకరించడం కాదు. స్లాబు మీద అలంకారానికి నాలుగు పెంకులు అతికిస్తే అది వేషం అవుతుంది. నాకు తోచినంతలో నాలుగు మర్యాదలు చాలు. పక్క ఇండ్లు నిలిచిన గీత మీదే కొత్త ఇల్లు నిలవాలి, వెనక్కు జరగక తప్పకపోతే ఆ ఖాళీలో గోడకు బదులు అరుగు రావాలి. రెండవ అంతస్తు అవసరమైతే దాన్ని వెనుకకు జరిపి, వీధి వైపు ఎత్తును పొరుగు ఇండ్లకు దగ్గరగా ఉంచాలి. బండి ఎక్కే గచ్చు ఇంటి స్థలంలోనే ముగియాలి. ఇంట్లో ఏ పని జరుగుతుందో, మగ్గమో, దంచుడో, దుకాణమో, దానికి తగిన చోటు నక్షాలో ముందుగా పడాలి.

ఇందుకు ఇప్పుడొక అవకాశం ఉన్నది. 2015 తరువాత కట్టిన రెండు పడక గదుల ఇండ్లకు ఊరేదైనా 560 చదరపు అడుగుల లెక్క ఒకటే. 2024లో తెలంగాణలో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకంలో సొంత స్థలం ఉన్నవారు 5 లక్షల రూపాయల సాయంతో, కనీసం 400 చదరపు అడుగులతో, తామే కట్టుకుంటారు. అంటే ఇల్లు పాత వీధిలోనే లేస్తుంది, తీరు ఇంటివారి చేతిలో ఉంటుంది. మగ్గం గుంటతో ఒక నక్షా, మిద్దెల సీమకు ఒక నక్షా, అరుగుతో ఒక నక్షా గీసి పంచాయతీ ఆఫీసులో అంటించడానికి పెద్ద ఖర్చు కాదు. మేస్త్రీ చూస్తాడు, నచ్చితే కడతాడు. పాత ఇండ్లు పుట్టినది కూడా అలా ఒకరిని చూసి ఒకరు కట్టుకోవడం వల్లనే.

మిత్రులకు ఒక మనవి. అర్ర, కడప, మొగురం, దంతె, గూడు, జాలారి, ఇటువంటి మాటలు ఇండ్లతో పాటే పోతున్నాయి. మీ ఊళ్ళో ఇంటి భాగాలను ఏమంటారో, అరుగును ఏ పేరుతో పిలుస్తారో రాయండి. వీలైతే ఆ పేరుతో పాటు దాని కొలతనూ రాయండి. పేరు నిఘంటువుకు పనికివస్తుంది, కొలత రేపు ఇల్లు కట్టేవాడికి పనికివస్తుంది.