సిబిల్ థార్న్‌డైకు చరిత్రము

నాటకములను చూచి యానందించువారు మనలో పెక్కుమంది కలరు. కాని నాటకములాడువారిని, అందును స్త్రీలను, తమతో సమానముగా గౌరవించువారు కొలదిమంది మాత్రమే. ఆట బాగున్నదని మెచ్చుకొనుచునే ఆడినవారిని గడప దాటి లోనికి రానీయని గృహస్థులను మేమెరుగుదుము. ఈ దురభిప్రాయము మనకే ప్రత్యేకమైనది కాదు. ఇంగ్లండులో 1572 నాటి చట్టము ప్రభువుల ప్రాపు లేని నటులను దేశదిమ్మరులతో జేర్చి దండనార్హులనుగా నెంచెను. అట్టి దేశముననే, 1976 లో దివంగతయైన యొక నటి చితాభస్మమును రాజులకును కవులకును స్థానమైన వెస్ట్‌మినిస్టరు ఆలయమున నుంచిరి. ఆమె పేరు సిబిల్ థార్న్‌డైకు. ఆ గౌరవము ఆమెకెట్లు లభించెనో విచారింపదగియున్నది.

ఆమె 1882 వ సంవత్సరము అక్టోబరు 24 వ తేదీన గెయిన్స్‌బరోలో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు; రోచెస్టరు పట్టణమందలి ప్రధానాలయమున పనిచేసినవాడు. ఆమె మొదట కోరినది రంగస్థలమును కాదు, సంగీతమును. పియానో వాద్యమున చిరకాలము సాధన చేసెను. ఇంతలో చేతి మణికట్టు పట్టుకొనిపోయి ఆ ఆశ భగ్నమయ్యెను. అప్పుడామె నాటకవిద్యకు మరలి, 1904 లో బెన్ గ్రీటు నాటకసమాజముతో అమెరికాకు పోయి, ఊరూర తిరిగి, సుమారు 112 పాత్రలను ధరించెను. ఒక ఆశ నశించినప్పుడు మరియొక విద్యను మొదటినుండి ఆరంభించుటకు ఎంత ధైర్యము వలయునో, బాలురకు చదువు చెప్పు మాబోటివారికి బాగుగా తెలియును.

1908 లో ఆమె లూయిస్ కాసన్ అను నటుని వివాహమాడెను. వారికి నలుగురు బిడ్డలు కలిగిరి. గృహధర్మమును కళయు ఒకచోట నిలువజాలవనువారికి ఈ దంపతుల అరువదియేండ్ల కాపురమే సమాధానము. అయినను ఆ కాపురము సుఖశయ్య యని తలంపరాదు. 1914 లో యుద్ధము రాగా కాసన్ సైన్యమున చేరెను. బిడ్డల నింట నుంచుకొని సిబిల్ ‘ఓల్డ్ విక్’ నాటకశాలలో నాలుగేండ్లు పనిచేసెను.

ఈ నాటకశాల చరిత్రము సంఘసంస్కరణమును కోరువారికి ప్రీతికరము. లండనులోని పేదల పేటలో నున్న ఆ భవనమును 1880 లో ఎమ్మా కాన్స్ అను సంస్కర్త్రి చేపట్టి, మద్యము నమ్మని వినోదశాలగా మార్చెను. పనివాండ్రు సాయంకాలమున కల్లంగడికి పోకుండుటకు వేరొక చోటు చూపవలయునని ఆమె సంకల్పము. త్రాగవద్దని చెప్పుట సులభము. త్రాగుటకు మారుగా చేయవలసినదేమో చూపుట కష్టము. ఆ కష్టమైన పనిని ఆమె తలకెత్తుకొనెను. ఆమెకు పిమ్మట మేనకోడలైన లిలియన్ బేలిస్ దానిని షేక్స్పియరు నాటకములకు నిలయముగా జేసెను.

యుద్ధమునకు పురుషులు తరలిపోగా పాత్రలకు నటులు కరవైరి. అప్పుడు సిబిల్ లేడీ మాక్బెతు, రోసలిండు మొదలగు స్త్రీపాత్రలతోపాటు రాకుమారుడైన హాల్ వేషమును, లియరు రాజు విదూషకుని వేషమును గూడ ధరించెను. షేక్స్పియరు కాలమున స్త్రీలు రంగమెక్కరాదు గనుక బాలురు స్త్రీవేషములను వేసిరి. మూడువందల యేండ్లకు ఆ కవి వ్రాసిన పురుషపాత్రలను ఒక గృహిణి ధరించి నాటకశాల తలుపులు మూతపడకుండ కాపాడెను. కాలచక్రము ఇంతకంటె వింతగా తిరుగునా!

యుద్ధానంతరమున గ్రీకు విషాదనాటకములలో హెక్యూబాగను మీడియాగను ఆమె కీర్తి గడించెను. బెర్నార్డు షా తన ‘సెయింట్ జోన్’ నాటకమును ఆమెను మనస్సులో నుంచుకొని వ్రాసెను. 1924 మార్చి 26 వ తేదీన లండనులో దానిని ప్రదర్శించునాటికి ఆమె వయస్సు 41 సంవత్సరములు. ఆమె ధరించినది ఇరువదియేండ్లైన నిండని పల్లెపడుచు వేషము. ఆ ప్రదర్శనములు 244 సారులు జరిగెను.

రంగస్థలము వెలుపలగూడ ఆమె మౌనముగా నుండలేదు. 1926 నాటి సార్వత్రిక సమ్మెలో భార్యాభర్తలిరువురును కార్మికుల పక్షమున నిలిచిరి. 1930 లో పాల్ రోబ్సన్ అను నీగ్రో నటుడు లండనులో ఒథెల్లో వేషమును ధరించినప్పుడు, వర్ణద్వేషము ప్రబలియున్న ఆ దినములలో, ఆమె ఎమీలియాగా ఆయనతో కలిసి నటించెను. మరుసటి యేడు ప్రభుత్వమువారు ఆమెకు ‘డేమ్’ బిరుదము నొసగిరి. బిరుదము కొరకు నోరు మూసికొనినవారు మన మెరిగినవారిలో లేకపోలేదు. ఈమె నోరు మూసికొనకయే బిరుదమును పొందెను.

చలనచిత్రములలో ఆమె నటించినది తక్కువ. 1928 లో వెలువడిన ‘డాన్’ అను చిత్రమున ఎడిత్ కావెల్ వేషమును ధరించెను. కావెల్ బెల్జియమున శత్రుసైన్యముచేత చిక్కిన సైనికులను తప్పించినందులకు 1915 లో జర్మనులచే కాల్చి చంపబడిన నర్సు. జర్మనీతో నెయ్యము చెడునను శంకచే విదేశాంగమంత్రి ఆ చిత్రమును వ్యతిరేకించెను. పరీక్షకసంఘము అనుమతి నిరాకరించెను. తుదకు లండను నగరమండలి తన యధికారముచే ప్రదర్శింపనిచ్చెను.

ఇచ్చట మా వృత్తికి సంబంధించిన యొక విషయమును చెప్పక పోజాలము. 1938 లో ఆమె ‘ది కార్న్ ఈజ్ గ్రీన్’ అను నాటకమున ఉపాధ్యాయినిగా నటించెను. వేల్సు దేశమున బొగ్గుగనుల పల్లెలో బడి పెట్టి, గనిలో పనిచేయు బాలు నొకనిని ఆక్స్‌ఫర్డు వరకు పంపిన ధన్యురాలి పాత్రమది. 1945 లో ఆ కథ చలనచిత్రమైనప్పుడు ఆ పాత్ర బెట్టీ డేవిస్ అను అమెరికా నటికి లభించెను. 1947 నాటి ‘నికొలస్ నికిల్‌బీ’ చిత్రమున సిబిల్‌కు దొరకినది పిల్లలను బాధించు క్రూరుడైన బడిపంతులు భార్య వేషము. నేటివారు తెరపై చూడగలిగినది ఈ దుష్టురాలినే. ఆ ఉత్తమోపాధ్యాయిని ఆనాడు చూచినవారి కన్నులతోనే అంతరించెను. చిత్రములను మాత్రమే చూచి ఆమెను కొలుచుట, పుస్తకమును విడిచి అట్టను చదువుట వంటిది.

అయిన నంతరించినదెల్ల వ్యర్థమగునా? రెండవ యుద్ధకాలమున, 1940 లో, లండనుపై బాంబులు పడుచుండగా సిబిలును కాసనును నటులను వెంటబెట్టుకొని నిజముగనే వేల్సులోని గనిపల్లెలకు పోయిరి. అచ్చటి కార్మికుల సభాభవనములలో ‘మాక్బెత్’ నాడిరి. పిమ్మట గ్రీకు విషాదమైన ‘మీడియా’ నాడిరి. అప్పటికామె యరువదియేండ్లకు చేరువైనది. పండితులకే యెక్కునని మనము దాచుకొను కావ్యములను పనివాండ్ర ముంగిటికి కొనిపోయిన ఆ దంపతులను తలచుకొన్నప్పుడు, సంస్కృతకావ్యములను చదివి పెట్టెలో పెట్టుకొనిన మాకు సిగ్గు కలుగుచున్నది.

ఆ యాత్రలకు సాయపడినదియు 1940 లో ఏర్పడినదియునగు కళాప్రోత్సాహకసంఘమే 1946 లో కళామండలిగా మారి, రాజ్యము ధనమును వెచ్చించి ప్రజలకు కళల నందింపవలయునను నియమమునకు ఆధారమయ్యెను. వేషములు మాసిపోయినను ఆ నియమము నిలిచినది. ఆమె మాత్రము 1969 వరకును రంగస్థలమును విడువలేదు. ఆ యేటనే భర్త గతించెను. 1976 జూన్ 9 వ తేదీన తన 93 వ యేట ఆమెయు గతించెను.

వృత్తికి గౌరవమిచ్చునది చట్టము కాదు, బిరుదము కాదు. దానిని చేయువారు ఎవరి ముంగిట నిలిచి చేసిరను దానినిబట్టి అది కలుగును. ఆలయమున నుంచినది ఆమె భస్మమును మాత్రమే. గౌరవము నామెకు అంతకుముందే, కల్లు దొరకని నాటకశాలలోను బొగ్గుమసి పట్టిన సభాభవనములలోను కూర్చుండినవారు ఒసగియుండిరి.