దూరం భూమిది, కాలం రాజ్యాలది

రెండు నగరాల నడుమ దూరం భూగోళ శాస్త్రం నిర్ణయిస్తుంది. ప్రయాణకాలాన్ని మాత్రం చరిత్ర నిర్ణయిస్తుంది. ఇందుకు ఫిన్లాండు రాజధాని హెల్సింకి, జపాను రాజధాని టోక్యోలే నిదర్శనం.

తరగతిలో నేను గోళం మీద దారం బిగించి చూపేవాణ్ణి. ఈ రెండు నగరాలను కలిపే దారం సైబీరియా మీదుగా సాగుతుంది. సుమారు 7,800 కిలోమీటర్లు. కాని సోవియట్ ప్రభుత్వం ఆ ఆకాశాన్ని విదేశీ విమానాలకు చిరకాలం స్వేచ్ఛగా విడువలేదు. అందువల్ల 1957లో స్కాండినేవియా విమానం కోపెన్‌హాగెన్ నుండి ఉత్తర ధ్రువప్రాంతం మీదుగా, అలాస్కాలో ఆగి, టోక్యో చేరింది. 1983లో ఫిన్ఎయిర్ సంస్థ హెల్సింకి నుండి ధ్రువం చుట్టి, ఎక్కడా ఆగకుండా, సుమారు 13 గంటలలో టోక్యో చేర్చింది. అదే సంవత్సరం సెప్టెంబరు 1న దారితప్పి సోవియట్ గగనతలంలో ప్రవేశించిన కొరియా విమానాన్ని కూల్చివేయగా 269 మంది అసువులు బాశారు. ఆకాశంలోని సరిహద్దు కంటికి కనబడదు గాని, ప్రాణాలు తీయగలదు.

తరువాత సైబీరియా మార్గం తెరుచుకొని ప్రయాణం తొమ్మిది, పది గంటలకు తగ్గింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలుకాగా ఐరోపా, రష్యాలు పరస్పరం ఆకాశాన్ని మూసుకున్నాయి. ఫిన్ఎయిర్ విమానాలు మరల ధ్రువమార్గం పట్టాయి. మరల అదే 13 గంటలు!

ముప్పైతొమ్మిదేళ్ళలో యంత్రాలు ఎంతో మెరుగుపడ్డాయి, ఇంధనం ఆదా అయింది. మనుషుల మధ్య పొత్తు కుదరనందున గడియారం మాత్రం వెనుకటి చోటికే వచ్చి నిలిచింది.